పన్నెండేళ్లు దాటితే పెద్దల మోతాదేనా? 34 కిలోల పిల్లకు యాంటీబయాటిక్ ఎంత ఇవ్వాలి?

దేవరకొండ టీచరమ్మ
మా గురుకులంలో ఎనిమిదో తరగతి అమ్మాయి. పదమూడేళ్లు, 34 కిలోలు. గొంతు నొప్పితో మెతుకు మింగలేకపోతోంది. డాక్టరు గారు చూసి, స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి వల్ల వచ్చిందని చెప్పి అమాక్సిసిలిన్ 500 రోజుకు రెండు, పది రోజులకు రాశారు. మందుల షాపు అబ్బాయి పిల్లను ఎగాదిగా చూసి, "ఇంత బక్క పిల్లకు 500 ఎందుకు మేడమ్, 250 చాలు" అని మార్చి ఇచ్చాడు. నేను తలూపి తెచ్చేశాను. ఇప్పుడు మనసు మనసులో లేదు. 40 కిలోల దాకా చిన్నపిల్లల లెక్కే అంటారు కదా, ఎవరి మాట సరైనది?

పాలమూరు ఫార్మసిస్టు
అమ్మా, డాక్టరు గారు రాసిందే సరైనది. ఈ రాత్రే ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పండి.

40 కిలోల గీత ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మామూలు ఇన్ఫెక్షన్‌కు పిల్లలకు కిలోకు రోజుకు 25 మి.గ్రా. నలభైతో గుణిస్తే 1000, అంటే పెద్దవాళ్లు వేసుకునే 500 రెండు పూటలు. రెండు లెక్కలూ అక్కడ కలుస్తాయి కాబట్టి అక్కడ గీత గీశారు. కానీ స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పికి లెక్క వేరు: కిలోకు 50, రోజుకు 1000 మించకూడదు. ఆ హద్దు 20 కిలోలకే వచ్చేస్తుంది! మీ పిల్ల దాన్ని ఎప్పుడో దాటింది. షాపులో ఇచ్చినట్టు వేస్తే రోజుకు 500, అంటే కిలోకు 15 కూడా పడదు. నొప్పి తగ్గినా క్రిమి మిగిలిపోవచ్చు. అది కీళ్లవాతం జ్వరంగా తిరగబెట్టి గుండె కవాటాలను పాడుచేస్తుందనే భయంతోనే పది రోజులు వాడమంటారు.

డాక్టరు గారు సరేనంటే ఆ 250 క్యాప్సూళ్లే రెండేసి వేయవచ్చు. అయితే ఇది అమాక్సిసిలిన్ ఒక్కటే ఉన్న మందుకే చెల్లుతుంది. క్లావులానిక్ యాసిడ్ కలిసిన 375 మాత్రలో 250కి 125 క్లావులానిక్ ఉంటుంది, 625లో 500కి కూడా అదే 125. 375 మాత్రలు రెండు వేస్తే క్లావులానిక్ రెట్టింపై విరేచనాలు పట్టుకుంటాయి. కౌంటర్‌లో ఈ పొరపాటు నేను ఎన్నోసార్లు ఆపాను.

మిర్యాలగూడ నాన్న
పిల్లలకు సిరప్ మంచిది కదా?

పాలమూరు ఫార్మసిస్టు
5 మి.లీ.లో 125 ఉండే సిరప్‌తో రోజుకు 1000 అందాలంటే 40 మి.లీ. తాగించాలి. 60 మి.లీ. సీసా ఒకటిన్నర రోజులో ఖాళీ. పది రోజులకు ఏడు సీసాలు! అన్ని ఎవరు కొంటారు? సీసా వారం రావాలని మూతలో సగం పోసే తల్లులను రోజూ చూస్తాను. మింగగలిగిన పిల్లకు మాత్రే మేలు.

అచ్చంపేట గ్రామ వైద్యుడు
మా తండాల్లో బరువు యంత్రం ఎక్కడుంది సార్? పన్నెండు దాటితే పెద్దల మోతాదు, ఇరవై ఏళ్లుగా ఇదే పాటిస్తున్నాను. సెఫిక్సిమ్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కు కూడా 45 కిలోలు లేదా పన్నెండేళ్లు దాటితే పెద్దల మోతాదే అని కంపెనీ కాగితంలోనే ఉంది.

నల్లగొండ పిల్లల డాక్టరు
ఆ కాగితంలో ఉన్న మాట నిజమే. 30 కిలోల పిల్లకు సెఫిక్సిమ్ 400 ఇస్తే కిలోకు 13 పడుతుంది. మామూలు లెక్క 8 అయినా, టైఫాయిడ్‌కు 15 నుంచి 20 దాకా ఇస్తాం కాబట్టి ప్రమాదం లేదు. కానీ ఒక మందు తట్టుకుందని అన్ని మందులకూ అదే సూత్రం పెట్టడాన్ని నేను ఒప్పుకోను. జెంటామైసిన్ ఎక్కువైతే కిడ్నీ దెబ్బతింటుంది, చెవి పోతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు. అది బరువు చూడకుండా ఇచ్చే ఇంజెక్షన్ కాదు. యంత్రం లేకపోతే అంగన్‌వాడీలోనో ఆరోగ్య ఉపకేంద్రంలోనో తూచి రమ్మనండి. సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. దాన్ని మీరు ఇవ్వడమే నాకు అభ్యంతరం.

లెక్క గుడ్డిగా వేసినా తప్పే. న్యుమోనియాకు అమాక్సిసిలిన్ రోజుకు కిలోకు 90 చొప్పున ఇస్తాం. 50 కిలోల పిల్లవాడికి అలా గుణిస్తే 4500 వస్తుంది, రోజుకు 4000 దగ్గర ఆగాలి.

నాగర్‌కర్నూల్ టీబీ కార్యకర్త
మా కార్యక్రమంలో ఈ తగువే లేదు. మొదటి రెండు నెలల్లో 25 నుంచి 29 కిలోల పిల్లలకు చిన్నపిల్లల మాత్రలు మూడు, పెద్దల మాత్ర ఒకటి. 30 నుంచి 39 కిలోలైతే రెండూ రెండూ. పెద్దలకూ బరువే కొలత: 33 కిలోల మనిషికి రెండు మాత్రలు, 52 కిలోల మనిషికి నాలుగు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో వంగిపోయి పిల్లలంత బరువున్న పెద్దవాళ్లను చూసినవారెవరూ వయసును బట్టి మందు ఇవ్వరు.

దేవరకొండ టీచరమ్మ
డాక్టరు గారు ఫోన్ ఎత్తారు. 250వి రెండేసి వేయమన్నారు, ఇప్పుడే వేయించాను. పొద్దున్నే తరగతి మొత్తాన్ని తూచి హెల్త్ రిజిస్టర్‌లో రాస్తాను. ఈ అమ్మాయి పక్కన కూర్చునే పిల్లదీ పదమూడేళ్లే. పోయిన నెల తూచినప్పుడు 56 కిలోలుంది.