ఐసీయూ పేషెంటుకు విటమిన్ డి పెద్ద డోసు: పని చేస్తుందా, రిపోర్టులో అంకె మార్చడమేనా?

పాకాల శీను:
మా మామ (అమ్మ తమ్ముడు) తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాడు. నిమోనియా ముదిరి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో అవయవాలు దెబ్బతినడం) దాకా పోయింది, వెంటిలేటర్ పెట్టారు. నిన్న రిపోర్టుల్లో విటమిన్ డి 9 అని ఉంది. 20 కన్నా తక్కువుంటే లోపమంట. ఒకేసారి 5 లక్షల యూనిట్ల పైన ఇస్తామని డ్యూటీ డాక్టర్ చెప్పి వెళ్ళిపోయాడు. పొద్దస్తమానం మామిడి తోటలో ఎండలో తిరిగే మనిషికి డి తగ్గడమేంది? ఇస్తే బతికే అవకాశం పెరుగుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పుత్తూరు మెడికల్స్:
ఇయ్యనీలే అన్నా. విటమినే కదా, పోయేదేముంది? మా షాపులో 60 వేల యూనిట్ల పొడి ప్యాకెట్లు వారానికొకటి లెక్కన కొనని ఇల్లు లేదు. తక్కువుంటే నింపాలి, అంతే.

మెడిసిన్ పీజీ, తిరుపతి:
శీనన్నా, ముందు ఆ 9 సంగతి. జబ్బుకు ముందు మీ మామకు ఎంత ఉందో ఆ అంకె చెప్పదు. రక్తంలో విటమిన్ డిని మోసుకు తిరిగేది లివర్ తయారు చేసే ఒక ప్రోటీన్. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఎక్కువైతే ఆ ప్రోటీన్ పడిపోతుంది. పైగా సెప్సిస్‌లో సెలైన్ లీటర్ల కొద్దీ ఎక్కిస్తాం, రక్తం పలచబడుతుంది. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఆరోగ్యవంతుల్లో కూడా రెండు మూడు రోజుల్లోనే ఈ అంకె బాగా దిగడం పరిశోధకులు చూశారు. అంత తొందరగా వాళ్ళకు కొత్తగా విటమిన్ లోపం రాదు కదా!

అందుకే "డి తక్కువున్నవాళ్ళు ఐసీయూలో ఎక్కువ చనిపోతున్నారు" అనే లెక్కలు చూసి తొందరపడకూడదు. జబ్బు ఎంత ముదిరితే అంకె అంత పడుతుంది. డి తగ్గడం వల్ల జబ్బు ముదిరిందా, ముదిరినందుకు డి తగ్గిందా అనేది ఆ లెక్కల్లో తేలదు.

తేలాలంటే ఇచ్చి చూడాలి. చూశారు. 2019లో అమెరికాలో వయొలెట్ అనే ట్రయల్‌లో, లోపం ఉన్న వెయ్యి మందికి పైగా పేషెంట్లలో సగం మందికి 5 లక్షల 40 వేల యూనిట్లు ఒకే డోసుగా ఇచ్చారు, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మందు. మూడో రోజుకు డి సగటున 47 దగ్గరికి ఎక్కింది, ఉత్తుత్తి మందు వాళ్ళలో 11 దగ్గరే ఉంది. 90 రోజుల్లో చనిపోయినవాళ్ళు? మందు వైపు 23.5 శాతం, ఉత్తుత్తి వైపు 20.6. లాభం కనిపించేలా లేదని ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు.

చిత్తూరు ఫిజీషియన్:
పీజీ గారు సగం కథే చెప్పారు. 2014లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో 492 మంది ఐసీయూ పేషెంట్లతో ఇదే డోసుతో ట్రయల్ జరిగింది. ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గలేదు, ఒప్పుకుంటాను. కానీ డి 12, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళను విడిగా చూస్తే, ఆసుపత్రిలో చనిపోయినవాళ్ళు మందు ఇచ్చినవాళ్ళలో 28.6 శాతం, ఇవ్వనివాళ్ళలో 46.1. శీను మామకున్నది 9. ఈ తేడాను గాలికి వదిలేద్దామా? పైగా గ్రాజ్‌లో మొదటి డోసు తర్వాత ఐదు నెలలు, నెలకు 90 వేలు ఇచ్చారు. వయొలెట్‌లో ఒక్కసారి పోసి వదిలేశారు. రెండూ ఒకటి కాదు. యూరప్ పోషకాహార నిపుణుల సంఘం కూడా 2019లో, పరీక్షలో తక్కువని తేలితే మొదటి వారంలోపు 5 లక్షల యూనిట్లు ఒకసారి ఇవ్వొచ్చని రాసింది.

మెడిసిన్ పీజీ, తిరుపతి:
సార్, గ్రాజ్‌లో ఆ గుంపు 200 మంది. అసలు ప్రశ్నకు "లేదు" అని జవాబొచ్చాక, లోపల ఒక గుంపులో తేడా కనిపించింది. ఇంకా పరీక్షించి చూడాల్సిన విషయమని రాసినవాళ్ళే చెప్పారు. వయొలెట్‌లోనూ డి మరీ తక్కువున్నవాళ్ళకు విడిగా లాభమేమీ తేలలేదు.

పాకాల మాస్టారు:
ట్రయళ్ళు సరే, రైతుకు డి ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేదే. ఎండకు కరువా మన దగ్గర?

చిత్తూరు ఫిజీషియన్:
మంచి ప్రశ్న మాస్టారూ. ఇది మన ఊరి కథే. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లు చుట్టుపక్కల పల్లెల్లో, టౌనులో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను పరీక్షించి 2007లో ప్రచురించారు. టౌను వాళ్ళకు లోపం ఎక్కువ, సరే. పల్లెల్లో ఎండన పని చేసేవాళ్ళలోనూ చాలామందికి లోపమే. తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ. కాల్షియం చాలకపోతే ఒళ్ళు ఉన్న డిని కూడా తొందరగా ఖర్చు చేసేస్తుంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో పదో పాతికో. సంగటి వదిలి మూడు పూటలా తెల్లన్నం తింటే ఏమవుతుంది మరి! ఇంకోటి, తిరుపతి ఎండలో చర్మం డిని బాగా తయారు చేసేది పదకొండు నుంచి రెండింటి మధ్య. ఆ వేళకు రైతు చెట్టు నీడకు చేరతాడు, అది తెలివైన పనే.

ఐసీయూ సిస్టర్:
మెడికల్ షాపు అన్న "పోయేదేముంది" అన్నాడు, అది మాత్రం వద్దు. డి ఎక్కువైతే కాల్షియం పెరుగుతుంది, వాంతులు, మలబద్ధకం, కిడ్నీ మీద దెబ్బ. ఆస్ట్రేలియాలో పెద్ద వయసు ఆడవాళ్ళకు ఏడాదికోసారి 5 లక్షలు ఇస్తే ఎముకలు గట్టిపడటం పోయి, పడిపోవడాలు, ఎముకలు విరగడాలు ఎక్కువయ్యాయి. అది 2010లోనే వచ్చింది. ఐసీయూలో మేము ఇచ్చేది ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబ్ ద్వారా. పేగులు సరిగా పని చేయని పేషెంటుకు అది ఎంత పడుతుందో చెప్పలేం. శీనూ, నువ్వు అడగాల్సింది డి గురించి కాదు. అయనైజ్డ్ కాల్షియం (రక్తంలో విడిగా తిరిగే కాల్షియం) ఎంత, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) ఎంత, మళ్ళీ ఎప్పుడు చూస్తారు, ఇవి అడుగు.

పుత్తూరు మెడికల్స్:
సిస్టర్, నేనన్నది వారానికొక ప్యాకెట్ గురించి. 5 లక్షల గురించి కాదు.

మెడిసిన్ పీజీ, తిరుపతి:
కాల్షియం బాగా తక్కువుంటే, ఫిట్స్ వస్తుంటే, చాలాకాలంగా మంచం మీదే ఉంటే ఇవ్వడానికి నాకూ అభ్యంతరం లేదు. ఐసీయూలోకొచ్చిన ప్రతి మనిషికీ అడ్మిషన్ రోజే ఈ టెస్టు రాసే అలవాటు మీదే నా పోట్లాట.

పాకాల శీను:
సిస్టర్ చెప్పినట్టే అడిగాను. కాల్షియం కాస్త తక్కువుందంట, కిడ్నీలు పరవాలేదంట. డోసు నిన్న సాయంత్రం ట్యూబులో వేశారు, మూడు రోజులకు కాల్షియం మళ్ళీ చూస్తామన్నారు. ఇన్ఫెక్షన్ ఏ క్రిమి వల్లో చెప్పే కల్చర్ రిపోర్టు కూడా నిన్ననే వస్తే యాంటీబయాటిక్ మార్చారు. ఈ పొద్దు జ్వరం దిగింది, బీపీ పడిపోకుండా ఇస్తున్న మందు తగ్గిస్తున్నారు.

పుత్తూరు మెడికల్స్:
చూశారా! నేను మొదటే చెప్పలేదా?

మెడిసిన్ పీజీ, తిరుపతి:
అన్నా, రెండూ ఒకే సాయంత్రం పడ్డాయి కదా. జ్వరం దేనికి దిగిందంటావు?