వీధి గుమ్మానికి సన్నజాజా, రాధామనోహరమా?

గంటస్తంభం:
విజయనగరంలో అమ్మావాళ్లది పెంకుటిల్లు. వీధి గుమ్మం తూర్పు ముఖం, రెండు పక్కలా అరుగులు. చూరుకి ముందు చిన్న పందిరి వేయించి వాసనపూల తీగ పాకిద్దామనుకుంటున్నాం. నా ఉద్యోగం విశాఖలో, ఆదివారాలే వస్తుంటాను. రోజూ చూసుకునేది అమ్మే. ఏ తీగ వేయమంటారు?

పాలకొండ_పెరడు:
సన్నజాజి వేయండి, రెండో ఆలోచన వద్దు. పొద్దుటి ఎండ దానికి బాగా పడుతుంది. సాయంత్రం నాలుగయ్యేసరికి మొగ్గ బొద్దుగా తెల్లబడుతుంది. అప్పుడు కోసి గిన్నెలో వేస్తే దీపాలు పెట్టే వేళకి విచ్చుకుని ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. నర్సరీకి పోనక్కర్లేదు. తెలిసినవాళ్లింట్లో కింది కొమ్మని నేలకి వంచి, మట్టి కప్పి, పైన రాయి పెట్టి రండి. వానలకి వేరు పోసుకుంటుంది. చలికాలంలో ఓసారి కత్తిరిస్తే కొత్త చిగుళ్లకే పూత.

బొబ్బిలి_వీధి:
నేను రాధామనోహరమే అంటాను. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాడు గులాబీ, ఆ తర్వాత ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. రాత్రి వాసన వీధి మలుపు దాకా వస్తుంది. చీడపీడలు తక్కువ. వయసైన అమ్మగారికి పని పెట్టని తీగ కావాలి గానీ, రోజూ మొగ్గలు కోసేది ఎందుకండీ?

పాలకొండ_పెరడు:
పెంకుటింటికి రాధామనోహరమా! తీగ ముదిరితే మాను కడుతుంది. చూరు పట్టుకుందంటే కొసలు పెంకుల సందుల్లో దూరి వాటిని ఎత్తేస్తాయి. ఆకు రాలినా తొడిమ మొదలు ఉండిపోయి ముల్లవుతుంది, గుమ్మంలో వచ్చేపోయేవాళ్లకి గీసుకుంటుంది. పైగా మొదట్లోంచి పిలకలు. పని లేదంటారేంటండీ?

టెక్కలి_బాబు:
ఏ తీగైనా పాములొస్తాయండి. మా మావయ్యగారింట్లో జాజిపందిరి మీంచి పసిరిక పాము వేలాడింది. గుమ్మం దగ్గర అసలు వద్దు.

బొబ్బిలి_వీధి:
చూశారా? జాజిపందిరి మీదే.

పాలకొండ_పెరడు:
వాసనకి పాము రాదండీ. అది నాలుక చాపి గాలిలోని వాసనని అంగిట్లోకి తీసుకునేది ఎరని వెతుక్కోడానికి. గుబురులో బల్లులు, తొండలు, పిట్టగూళ్లు ఉంటాయి కాబట్టి వస్తుంది. రాధామనోహరం గుబురుకైనా అలాగే వస్తుంది. పసిరిక పాము కాటుతో మనిషి ప్రాణానికి ముప్పు లేదు. అడుగున మూరెడు ఎత్తు ఆకు లేకుండా దులిపేసి, మొదట్లో ఇటుకలూ చెత్తా పోగు పెట్టకుండా ఉంటే చాలు.

కళింగతీరం:
2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా పందిరి రేకుతో సహా లేచిపోయింది. రాధామనోహరం మాత్రం మోడు నుంచి మళ్లీ చిగిర్చింది. మిగతాది మీ ఇష్టం.

బొబ్బిలి_వీధి:
పాఠం సరే. జాజి మీద పాము వచ్చిందా, లేదా? అది చెప్పండి.

పాలకొండ_పెరడు:
వచ్చింది. అయితే ఏంటి? మీరు మొదట్నుంచీ సన్నజాజి మీద కత్తి కట్టారు. ఎందుకో అది చెప్పండి ముందు.

బొబ్బిలి_వీధి:
చెప్తాను. మా గుమ్మానికి ఉండేది సన్నజాజే. మధ్యాహ్నం నేను నడుం వాల్చేసరికి వీధి చివరివాళ్లు గిన్నెలు పట్టుకుని దిగేవారు. చేతికందని మొగ్గ కోసం కొమ్మ లాగితే పట్టు దగ్గర చీలిపోయి తొక్కకి వేలాడేది. మా అమ్మాయి పెళ్లిచూపుల నాడు జడలో పెట్టడానికి మూరెడు పూలు లేవు. బజారుకి పరిగెత్తాను. ఆ వారంలోనే తీగ పీకించేశాను. రాధామనోహరం జోలికి ఎవరూ రారు, అందుకే అది.

పాలకొండ_పెరడు:
అంటే మీ బాధ పాము కాదు, మనుషులు. వీధి గుమ్మానికి పూలతీగ పెట్టి వీధివాళ్లు కోయకూడదంటే ఎలాగండీ? దాచుకోవాలంటే పెరడుంది. సన్నజాజి ఎంత కోస్తే అంత పూస్తుంది. మా అత్తగారు పక్కింటివాళ్లకి పంపకుండా మాల కట్టేవారు కాదు.

బొబ్బిలి_వీధి:
పంపడం వేరు, దోచుకోవడం వేరు. ఎండల్లో కుళాయి రాని రోజుల్లో బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా దానికి పోశాను. కోసుకెళ్లినవాళ్లలో ఒక్కరు చెంబుడు నీళ్లు పోశారా? "అమ్మా, కోసుకుంటాం" అని అడిగితే కాదనేదాన్నా?

సోంపేట_కుర్రోడు:
ఏటండీ, పువ్వు కోత్తే దొంగతనవేటి? మా వూర్లో ఎవులింట పూత్తే ఆలింటే కోసుకుంతాం.

బొబ్బిలి_వీధి:
మీ ఊళ్లో అడిగి కోస్తారేమో, నాయనా.

గంటస్తంభం:
ఇదంతా అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. నేను రాధామనోహరం వైపే ఉన్నాను, ఫోటోల్లో బాగుంటుందని. అమ్మ మాత్రం, "పగలంతా తలుపు తట్టేవాళ్లే లేరు, పూలకోసమైనా నలుగురొస్తారు. అరుగు మీద కూర్చుని చూసుకుంటాను, అందరికీ నేనే కోసిస్తాను" అంది. సన్నజాజే వేస్తున్నాం. పందిరి అమ్మ చేతికందే ఎత్తులో ఉండాలట.

పాలకొండ_పెరడు:
అమ్మగారి మాటకి తిరుగు లేదు.

బొబ్బిలి_వీధి:
ఆవిడ కూర్చునే ఉంటే సరే, వేయండి. చూరుకి మేకులు కొట్టి తాళ్లు లాగొద్దు, తీగ బరువుకి చూరు వాసాలు వంగుతాయి. అరుగు అంచున రెండు ఇనుప పైపులు పాతించండి. మొదలు చూరునీళ్లు పడే చోట పెట్టకండి, జాజికి వేరు కుళ్లిపోతుంది.