ప్రతి లాయరూ ఏడాదికి ఇన్ని కేసులు ఉచితంగా చేయాలని రూల్ పెట్టాలా?

సీతమ్మధార_వాసి:
మా అపార్ట్‌మెంటులో పనిచేసే ఆవిడకి తోడుగా మొన్న కోర్టుకి వెళ్ళాను. మనోవర్తి కేసు. ఒక లాయరు గారు డబ్బు వద్దమ్మా అని వకాలత్ మీద సంతకం తీసుకున్నారు, బాగానే ఉంది, కానీ ఇది వరుసగా మూడో వాయిదా, ఆయన రాలేదు. వాయిదా పడినప్పుడల్లా ఆవిడ నాలుగిళ్ళ పని మానుకుని కాగితాలన్నీ బట్టల షాపు కవరులో పెట్టుకుని పదింటికే వచ్చి కూర్చుంటుంది. కేసు పిలిస్తే లేచి నిలబడింది, ఏం చెప్పాలో తెలియక జడ్జి గారికి దండం పెట్టింది, మళ్ళీ వాయిదా. న్యూయార్క్‌లో లాయరుగా చేరాలంటేనే ముందు 50 గంటలు ఉచిత సేవ చేసి ఉండాలట. ఇక్కడ కూడా అలా తప్పనిసరి చేయాలని నా వాదన.

జూనియర్_మూడో_ఏడు:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ రూల్ పెడితే భారం పడేది మా మీదే. గాజువాక నుంచి రోజూ బండి మీద వస్తాను, సీనియర్ గారు ఇచ్చేది పెట్రోలుకీ మధ్యాహ్నం భోజనానికీ సరిపోతుంది, గది అద్దె ఇంకా నాన్నే కడుతున్నారు. బార్ కౌన్సిల్ నియమాల్లో 46వది ఇప్పటికే ఉంది, డబ్బు ఇచ్చుకోలేనివాళ్ళకి ఉచితంగా సాయం చేయడం అడ్వొకేటు గొప్ప బాధ్యతల్లో ఒకటని. అందులోనే లాయరు ఆర్థిక పరిస్థితిని బట్టి అని కూడా రాశారు. స్థిరపడినవాళ్ళు ముందు చేయాలి.

క్రిమినల్_సైడ్_27ఏళ్ళు:
నేనూ రూల్‌కి వ్యతిరేకమే, కారణం వేరు. ఆరిలోవ సెంట్రల్ జైల్లో ఏజెన్సీ నుంచి గంజాయి కేసుల్లో వచ్చిన కుర్రాళ్ళు చాలామంది ఉంటారు. 20 కిలోలు దాటితే చట్టం దృష్టిలో వాణిజ్య పరిమాణం, బెయిల్ చాలా కష్టం. ఒక దారి మాత్రం ఉంది. 180 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే, ప్రాసిక్యూటర్ గడువు పొడిగించుకోకపోతే, బెయిల్ హక్కుగా వస్తుంది. అయితే అడగాలి, అదీ చార్జిషీటు పడకముందే అడగాలి.

పాడేరు వైపు కుర్రాడొకడు, ఆటో తోలేవాడు. వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చేసరికి ఏడో నెల నడుస్తోంది. వచ్చిన ప్రతిసారీ కొన్న బస్సు టికెట్లు ఆధార్ జిరాక్సులో మడిచి దాచుకుంది, ఎవరైనా అడిగితే చూపించొచ్చని. ఫైలు తిరగేశాను. చార్జిషీటు 191వ రోజున పడింది, పొడిగింపు ఉత్తర్వు లేదు. మధ్యలో ఆ పదిరోజులూ తలుపు తెరిచే ఉంది, ఒక్క పిటిషన్ చాలు, ఎవరూ వేయలేదు. లాయరు ఉన్నాడు, ఉచితంగానే ఒప్పుకున్నాడు. ఆమెకి ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు, టీ తెప్పించి అప్పుడు చెప్పాను. ఇష్టం లేనివాడి చేత బలవంతంగా చేయిస్తే వకాలత్ మీద పేరు ఉంటుంది, 181వ రోజు పొద్దున్న మనిషి ఉండడు. అందుకే నేను ఏడాదికి నాలుగు కేసులకి మించి ఉచితంగా తీసుకోను, తీసుకుంటే వాయిదా తప్పను.

సబ్బవరం_లా_స్టూడెంట్:
సర్ చెప్పింది మా దగ్గరా చూశాను. న్యాయ అవగాహన శిబిరం అంటే బ్యానరు, ఫొటో, సర్టిఫికెట్. ఊళ్ళో ఒక ముసలాయన పాస్‌బుక్ చేత్తో పట్టుకుని మా చుట్టూ తిరిగాడు, మా బస్సు టైమైపోయింది. ఇప్పటికీ ఆయన ముఖం గుర్తొస్తుంది. నా లెక్కలో పేదలకి ప్రభుత్వం తరఫున ఉచితంగా లాయరుని పెట్టే న్యాయ సేవాధికార సంస్థ, తన జాబితాలోని ప్యానెల్ లాయర్లకి ఇచ్చే ఫీజు పెంచాలి, ఎన్ని వాయిదాలకి వచ్చారో చూసి కొనసాగించాలి. అప్పుడు జూనియర్ అన్నకీ బతుకుతెరువు అవుతుంది.

సీతమ్మధార_వాసి:
తప్పనిసరి అన్న మాట మీద కాస్త మెత్తబడ్డాను. ఒప్పుకున్నాక రాకపోతే అడిగేవాళ్ళు ఉండాలి కదా, దాని మీద మాత్రం తగ్గను. డబ్బు కట్టినవాళ్ళు నిలదీస్తారు, ఈవిడ ఉచితమని నోరెత్తదు. మరి ఆవిడ ఇప్పుడేం చేయాలి? జీతం ఉంది కాబట్టి ప్రభుత్వ సాయం రాదేమో అనుకుంటోంది.

క్రిమినల్_సైడ్_27ఏళ్ళు:
వస్తుందమ్మా. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేదు. ఎస్సీ, ఎస్టీలకీ, పిల్లలకీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ అంతే. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి, పాత లాయరు రావడం లేదని అందులో రాయాలి. ఇబ్బందైతే న్యాయ సాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. మనోవర్తి నా సైడ్ కాదు.

జూనియర్_మూడో_ఏడు:
అక్కా, ఫ్యామిలీ కేసులు నేను చూస్తాను. తర్వాతి వాయిదా ఎప్పుడో చెప్పండి. దరఖాస్తు నేనే రాసిపెడతాను, పదింటికి గేటు దగ్గర ఉంటాను. ఆ కవరులో కాగితాలన్నీ తెమ్మనండి, పెళ్ళి ఫొటో ఉంటే అది కూడా.