కొత్త ల్యాప్‌టాప్ మిల్లు ఆఫీస్ నెట్‌వర్క్‌ల కలుస్తలేదు, పాతవన్నీ మంచిగనే నడుస్తున్నయ్

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)

అన్నలకు అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు, నేను ఆఫీస్‌ల లెక్కలు చూస్త. మా సేటు నాకు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చిచ్చిండు, విండోస్ 11 ప్రో, వర్షన్ 24హెచ్2 అని చూపిస్తుంది. అది మా ఆఫీస్ నెట్‌వర్క్‌ల అస్సలు కలుస్తలేదు. వైఫై పేరు కనబడ్తది, పాస్‌వర్డ్ తీసుకుంటది, కనెక్టెడ్ అంటది, కింద మాత్రం నో ఇంటర్నెట్ అని వస్తది. వైఫై బంద్ చేసి స్విచ్‌కెళ్లి లాన్ కేబుల్ పెట్టినా గదే కథ. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఉన్న కంప్యూటర్ కనబడదు, ప్రింటర్ కనబడదు.

మిగతావన్నీ మంచిగనే ఉన్నయ్. టాలీ కంప్యూటర్ (విండోస్ 10), ప్రింటర్, కెమెరాల డీవీఆర్, కాంటా రూమ్‌ల ఉన్న పాత కంప్యూటర్, నా ఫోన్, సేటు ఫోన్ అన్నీ అదే రౌటర్ మీద నడుస్తున్నయ్. ల్యాప్‌టాప్‌కి నా ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే నెట్ జబర్దస్త్‌గ వస్తుంది. షాప్‌ల చూపిస్తే ఒకాయన నెట్‌వర్క్ కార్డ్ పోయింది అంటుండు, ఇంకొకాయన ఫార్మాట్ కొట్టాలె అంటుండు. వడ్ల సీజన్, గేటు బయట రోడ్డు మీద దాంక లారీలు ఆగి ఉన్నయ్, కాంటా చిట్టీలు అన్ని చేతితోని రాసుకొని రాత్రి టాలీల ఎక్కిస్తున్న, జర ఎవరన్న దారి చెప్పుండ్రి.

భాస్కర్_జడ్చర్ల

తమ్మీ ఫార్మాట్ కొట్టకు, కార్డ్ కూడ మార్చకు. హాట్‌స్పాట్ మీద నెట్ వచ్చిందంటే వైఫై కార్డ్ మంచిగున్నట్టే, ఇగ వైఫైల లాన్‌ల రెండిట్ల ఒక్క తీరు సతాయిస్తుందంటే రెండు కార్డులు ఒక్కసారే పోవు కదా. షాపులల్ల ఐపీ నంబర్ (నెట్‌వర్క్‌ల ఒక్కో మిషన్‌కి ఉండే నంబర్) చూడకుండనే కార్డ్ పోయింది అంటరు, దానికి నాకు మస్తు బాధైతది, ఎంతమంది పైసలు గిట్లనే పోతున్నయో.

ముందుగాల రెండు పనులు చెయ్. స్టార్ట్‌ల సీఎండీ అని కొడితే నల్ల విండో వస్తది, అండ్ల ఐపీకాన్ఫిగ్, స్పేస్, స్లాష్ ఆల్ అని కొట్టు. ఐపీవీ4 అడ్రస్ (అదే ఐపీ నంబర్), డిఫాల్ట్ గేట్‌వే (బయటికి పోయే దారి, అంటే రౌటర్), డీహెచ్‌సీపీ సర్వర్ (నంబర్లు పంచేది) అని మూడు లైన్లు ఉంటయ్, అవి రాసి పెట్టు. టాలీ కంప్యూటర్‌ల కూడ అదే కొట్టి ఆ నంబర్లు కూడ ఇయ్యి. లైన్ లేకపోతే లేదు అని రాయి, అది కూడ నాకు పనికొస్తది.

రెండోది, మీ వైఫైకి ఇంతవరకు ఎన్నడూ కలవని ఫోన్ ఒకటి పట్టు. నీ ఫోన్ వద్దు, సేటుది వద్దు. ఎవరన్న కొత్తగ వచ్చిన పిలగాడి ఫోన్ తీసుకొని పాస్‌వర్డ్ కొట్టి చూడు. అది కూడ నో ఇంటర్నెట్ అంటే ల్యాప్‌టాప్‌కి ఈ రోగంతోని సంబంధమే లేదు.

రవి_టెక్_నల్లగొండ

బ్రో ఇంత లొల్లి ఎందుకు, ల్యాప్‌టాప్‌ల స్టాటిక్ ఐపీ (చేతితోని పెట్టే పక్కా నంబర్) పెట్టెయ్, 192.168.1.120 ఇచ్చి గేట్‌వే 192.168.1.1 కొట్టు, రెండు నిమిషాలల్ల పని అయిపోతది, నేను కస్టమర్లకు అట్లనే చేస్త

భాస్కర్_జడ్చర్ల

రవి తమ్మీ, 120 వేరే ఫోన్‌కి పోయి ఉందనుకో, అప్పుడు ఏమైతది? రెండు ఒక్క నంబర్ మీద కొట్లాడుతయ్, కాసేపు ఇది నడుస్తది కాసేపు అది నడుస్తది, ఆ తిప్పలు ఇంకా ఎక్కువ. పైంగ ఆ ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకపోతే అక్కడ నెట్ రాదు. రౌటర్ ఇచ్చే రేంజ్ ఏందో చూసి దాని బయట నంబర్ ఇస్తే వేరే ముచ్చట, చూడకుండ ఇయ్యొద్దు.

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)

అన్నా చేసిన. టాలీ కంప్యూటర్‌ల 192.168.1.10, గేట్‌వే 192.168.1.1, డీహెచ్‌సీపీ సర్వర్ లైన్ లేదు. ల్యాప్‌టాప్‌ల పొద్దుగాల చూస్తే 192.168.0.104, గేట్‌వే 192.168.0.1, డీహెచ్‌సీపీ సర్వర్ కూడ 192.168.0.1 అనే ఉంది. మధ్యాహ్నం కరెంట్ పోయి వచ్చినాక మళ్ల చూస్తే 169.254.37.12 అని ఉంది, గేట్‌వే ఖాళీ. కాంటా రూమ్‌ల గుమస్తాగ కొత్తగ చేరిన పిలగాడి ఫోన్‌ల చూసిన, దానికి కూడ నో ఇంటర్నెట్ అనే వచ్చింది! మరి మా పాత ఫోన్లు ఎట్ల నడుస్తున్నయ్ అన్నా?

భాస్కర్_జడ్చర్ల

దొరికింది తమ్మీ. మీ ఆఫీస్‌ల రెండు రోగాలు కలిసి ఉన్నయ్, అందుకే ఎవరికీ అంతు చిక్కలే.

169.254 తోని మొదలయ్యే నంబర్ రౌటర్ ఇచ్చింది కాదు. నంబర్ ఇయ్యుమని ల్యాప్‌టాప్ అడిగితే ఎవరూ పలకకపోతే విండోస్ తనకు తానే పెట్టుకునే నంబర్ అది. దానితోని బయటికి పోనే పోరు. అంటే మీ మెయిన్ రౌటర్ కొత్తోళ్లకు నంబర్ ఇస్తలేదు. ఎందుకు ఇస్తలేదు అంటే నా లెక్క ప్రకారం దాని కాడ నంబర్లు ఒడిసిపోయినయ్. మార్కెట్ యార్డ్ గేటు కాడ టోకెన్లు ఒడిసిపోయినట్టే, చేతుల టోకెన్ ఉన్నోడు లోపలికి పోతడు, కొత్తగ వచ్చిన బండి బయటనే నిలబడ్తది. పాత ఫోన్లు గడువు సగం కాంగనే అదే నంబర్‌ని మళ్ల రెన్యువల్ చేసుకుంటయ్, అందుకే వాటికి ఏం తెల్వదు. వైఫై పాస్‌వర్డ్ లారీ డ్రైవర్లకు, హమాలీలకు చెప్పిన్రా? ఆ ఫోన్‌లన్నీ తలా ఒక నంబర్ పట్టుకొని పోతయ్, మనిషి పోయినా గడువు అయ్యేదాంక ఆ నంబర్ వేరేటోళ్లకు రాదు. టాలీ కంప్యూటర్‌కి ఎవరో చేతితోని నంబర్ పెట్టిన్రు, దానికి రౌటర్ నంబర్ ఇచ్చేది లేదు, అందుకే అది ఎప్పుడూ ఆగలే.

ఇగ రెండోది. 192.168.0.1 ఎవడు? మీ రౌటర్ 192.168.1.1 కదా. మీ లైన్‌ల ఇంకో రౌటర్ ఉంది, అది కూడ నంబర్లు పంచుతుంది. మెయిన్ రౌటర్ పలకనప్పుడు ల్యాప్‌టాప్‌కి అది నంబర్ ఇస్తుంది, కాని దానికి ఇంటర్నెట్ లైన్ లేదు, టాలీకి దారి కూడ తెల్వదు. దాని కరెంట్ పోంగనే 169.254 వస్తుంది. నంబర్ 0.104 ఉన్నప్పుడు బ్రౌజర్‌ల 192.168.0.1 కొడితే దాని లాగిన్ పేజీ వస్తది చూడు. కాంటా రూమ్‌కి వైఫై అందుతలేదని, కెమెరాలోళ్లు గిట్ల ఏమన్న డబ్బా పెట్టిన్రా? స్విచ్‌ల కాంటా రూమ్‌కి పోయే కేబుల్ పీకి చూడు.

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)

అన్నా నువ్వు మా మిల్లుకు వచ్చి చూసినట్టే చెప్పినవ్. కాంటా రూమ్‌ల కెమెరాలు పెట్టినోళ్లు పాత రౌటర్ ఒకటి గోడకు బిగించి పోయిన్రు, మీద మొత్తం తవుడు దుమ్ము, లైట్లు కూడ కనబడ్తలేవు. కేబుల్ పీకంగనే ల్యాప్‌టాప్‌ల 169.254 వచ్చింది. మెయిన్ రౌటర్‌ల చూస్తే అది పంచే నంబర్ల రేంజ్ 192.168.1.100 నుంచి 149 దాంక ఉంది, లిస్ట్ మొత్తం నిండి ఉంది, సగం పేర్లు ఎవరివో కూడ తెల్వదు. కాని కాంటా రూమ్‌ల వైఫై కావాలె, దాన్ని తీసేస్తే సేటు ఊకోడు.

భాస్కర్_జడ్చర్ల

తీసెయ్యొద్దు, దాన్ని దారిల పెడదాం. ఆఫీస్ నుంచి వచ్చే కేబుల్ దానికెళ్లి పీకి, ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే కేబుల్‌తోని ఆ రౌటర్‌కి పెట్టు. 192.168.0.1 ల లాగిన్ అయి ముందు లాన్ ఐపీని 192.168.1.2 చెయ్. అది రీస్టార్ట్ అయితది, మళ్ల 192.168.1.2 ల లాగిన్ అయి అప్పుడు డీహెచ్‌సీపీ సర్వర్ డిజేబుల్ కొట్టి సేవ్ చెయ్. ఈ వరుస తప్పొద్దు, ముందే డీహెచ్‌సీపీ ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి నంబర్ రాక మళ్ల లాగిన్ పేజీ తెరుచుకోదు. తర్వాత ఆఫీస్ కేబుల్‌ని దాని లాన్ పోర్ట్‌లనే పెట్టు, వాన్ (ఇంటర్నెట్ లైన్ పెట్టేది) అని రాసి ఉన్న దాంట్ల పెట్టకు. ఇప్పుడు అది వైఫై మాత్రమే ఇస్తది, నంబర్లు అన్నీ మెయిన్ రౌటరే ఇస్తది.

మెయిన్ రౌటర్‌ల రేంజ్‌ని 192.168.1.50 నుంచి 220 దాంక చెయ్. టాలీ 10 ల ఉంది కాబట్టి అది బయటనే ఉంటది, ప్రింటర్, డీవీఆర్ నంబర్లు కూడ 50 కంటే కింద ఉన్నయా చూసుకో, లేకపోతే మార్చు. లీజ్ టైం (నంబర్ గడువు) 1440 నిమిషాలు ఉంటే 120 చెయ్, పోయిన డ్రైవర్ ఫోన్ నంబర్ రెండు గంటలల్ల తిరిగొస్తది. వైఫై పాస్‌వర్డ్ తప్పకుండ మార్చు. డ్రైవర్లకు నెట్ ఇయ్యాలంటే గెస్ట్ వైఫై వేరే పెట్టి ఇయ్యుండ్రి, కాకపోతే చిన్న రౌటర్లల్ల గెస్ట్ కూడ అదే రేంజ్ నుంచి నంబర్లు తీసుకుంటది, అందుకే లీజ్ తగ్గించుడు మర్చిపోకు. లెక్కలున్న కంప్యూటర్ ఉన్న లైన్‌ల తెల్వని ఫోన్‌లు ఉండుడు మంచిది కాదు, ఇది సేటుకు గట్టిగ చెప్పు.

అంతా అయినాక ల్యాప్‌టాప్‌ల ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ కొట్టు.

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)

192.168.1.53 వచ్చింది అన్నా!! నెట్ వచ్చింది, ప్రింటర్ వచ్చింది, పిలగాడి ఫోన్‌ల కూడ వచ్చింది. నీ రుణం తీర్చుకోలేను. ఒక్కటే మిగిలింది, \\192.168.1.10 కొడితే టాలీ డేటా ఫోల్డర్ తెరుచుకుంటలేదు, సెక్యూరిటీ పాలసీ వల్ల గెస్ట్ యాక్సెస్ బ్లాక్ చేసినం అన్నట్టు మెసేజ్ వస్తుంది. కాంటా రూమ్ కంప్యూటర్‌ల మాత్రం పాస్‌వర్డ్ అడగకుండనే తెరుచుకుంటది.

రవి_టెక్_నల్లగొండ

ఫైర్‌వాల్ ఆఫ్ చేసి ఎస్ఎంబీ1 (పాత ఫైల్ షేరింగ్ పద్ధతి) ఆన్ చెయ్ బ్రో

పద్మక్క_ఆడిట్ (నల్లగొండ)

రవీ, ఆ సలహా ఎవ్వరికీ ఇయ్యకు నాయినా. 2017 మే నెలల వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ ఎస్ఎంబీ1 ల ఉన్న లోపం పట్టుకొనే, ఫైళ్లన్నీ తాళం వేసి పైసలు అడిగింది. మిల్లు లెక్కలు, సీఎంఆర్ (సర్కారుకు మర పట్టి ఇచ్చే బియ్యం) లెక్కలు ఉన్న కంప్యూటర్ అది, పోతే ఆ పిల్లగాని నౌకరే పోతది. అసలు ఇక్కడ ఎస్ఎంబీ1 తోని పనే లేదు, విండోస్ 10 కి, 11 కి దానికంటే కొత్తది ఉంది.

తమ్ముడూ, మా ఆడిట్ ఆఫీస్‌ల కూడ కొత్త సిస్టంలు వచ్చినప్పుడు గిదే అయింది. 24హెచ్2 ప్రోల పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్‌కి డిఫాల్ట్‌గ ఒప్పుకోదు, సైనింగ్ (పంపే డేటా మీద డిజిటల్ సంతకం) కూడ తప్పనిసరి చేసిన్రు. పాస్‌వర్డ్ పెడితే రెండూ తీరుతయ్. టాలీ కంప్యూటర్‌ల కొత్త లోకల్ యూజర్‌ని చెయ్, పేరు లెక్కలు అనో ఏదో పెట్టుకో, గట్టి పాస్‌వర్డ్ పెట్టు. డేటా ఫోల్డర్ షేరింగ్‌ల, పక్కన సెక్యూరిటీ ట్యాబ్‌ల కూడ ఆ యూజర్‌ని యాడ్ చేసి రాసే పర్మిషన్ ఇయ్యి. ల్యాప్‌టాప్‌ల క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి విండోస్ క్రెడెన్షియల్‌ల 192.168.1.10, ఆ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఎక్కించు. రెండిట్ల నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్ అని ఉండాలె, పబ్లిక్ ఉంటే ఫైర్‌వాల్ షేరింగ్‌ని ఆపేస్తది. అన్నీ కుదిరినాక, కాంటా రూమ్‌కి కూడ అదే యూజర్ ఇచ్చి, షేరింగ్‌ల ఎవ్రీవన్ అని ఉంటే తీసెయ్. అన్నిటికంటే ముందు టాలీ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌ల తీసి పెట్టుకో.

ఇంకో మాట, మీది టాలీ సిల్వర్ అయితే ఒక్క కంప్యూటర్‌కే. ల్యాప్‌టాప్‌ల, ఆ కంప్యూటర్‌ల రెండిట్ల పని చెయ్యాలంటే గోల్డ్ కావాలె. ఫోల్డర్ తెరుచుకున్నాక ఎడ్యుకేషన్ మోడ్ వచ్చింది అని మళ్ల పరేషాన్ కాకు, ముందే సేటును అడుగు.

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)

అక్కా ఫోల్డర్ తెరుచుకుంది, ఫైల్ ఒకటి పెట్టి తీసి కూడ చూసిన. మాది గోల్డే అంట, సేటు బిల్లు చూపించిండు. ఇయ్యాల్టి చిట్టీలు ల్యాప్‌టాప్ మీదనే కొడ్తున్న, మీ ఇద్దరికీ చేతులెత్తి దండం. కాంటా కంప్యూటర్ మాత్రం విండోస్ 7, వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ దాంట్లనే నడుస్తది, మార్చనీకె రాదంటున్రు. అది ఇట్లనే ఉండొచ్చా?

భాస్కర్_జడ్చర్ల

విండోస్ 7 కి 2020 జనవరి నుంచి అప్‌డేట్లు బంద్ తమ్మీ, దాన్ని ఇంటర్నెట్ మీద ఉంచొద్దు. కాంటా మిషన్ ఎట్లాగూ సీరియల్ కేబుల్‌తోనే మాట్లాడుతది కదా, నెట్ అక్కర లేదు. ఆ కంప్యూటర్‌కి చేతితోని 192.168.1.15, మాస్క్ 255.255.255.0 ఇచ్చి గేట్‌వే, డీఎన్ఎస్ డబ్బాలు ఖాళీగ వదిలెయ్, ఐపీవీ6 టిక్ కూడ తీసెయ్. ఆఫీస్ ప్రింటర్, టాలీ కంప్యూటర్ రెండూ అందుతయ్, బయటికి మాత్రం పోదు. 15 ఎవరికన్న ఉందా ముందు చూసుకో, డీవీఆర్ నంబర్ నువ్వు ఇంతవరకు చెప్పలే.