జీతం కాదు, కాంట్రాక్ట్ ఫీజు అంటున్నారు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ ఎలా వేయాలి?

నమస్కారమండీ. మాది విశాఖ, మద్దిలపాలెం. సివిల్ డిప్లొమా చేశాను. గాజువాకలో ఒక సంస్థకి ఇంటి దగ్గర నుంచే ఆటోక్యాడ్ డ్రాయింగులు గీసి ఇస్తున్నాను. 2025 ఏప్రిల్‌లో ఉద్యోగం నుంచి కాంట్రాక్ట్‌లోకి మార్చారు. నెలకి 45,000 అని మాట. మొదటి నెల ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లో 40,500 అని చూసి గుండె జారిపోయింది. అడిగితే ఇన్‌కమ్ ట్యాక్స్ సెక్షన్ 194జె కింద 10 శాతం టీడీఎస్ (చెల్లించే ముందే కోసే పన్ను) అన్నారు. పీఎఫ్ లేదు, జీతంపై టీడీఎస్‌కి ఇచ్చే ఫారం 16 బదులు, ఫీజుపై టీడీఎస్‌కి ఇచ్చే 16ఏ ఇస్తారట.

వృత్తి చేసుకునేవాళ్లకి ఉన్న సెక్షన్ 44ఏడీఏ కింద వచ్చిన దాంట్లో సగమే ఆదాయంగా చూపితే చాలని మా బావగారు అంటున్నారు. ఆ సెక్షన్‌లో ఇంజనీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ ఉన్నాయి. కానీ డిగ్రీ లేని డ్రాఫ్ట్స్‌మన్‌కి అది వర్తిస్తుందా? అసలు టెన్షన్ ఇదే. వర్తిస్తే ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం, లేకపోతే ఐటీఆర్-3 అని అర్థమైంది.

కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను పడదు కదా, ఏడాదికి కోసిన 54,000 మొత్తం వెనక్కి వస్తుందా? పాప స్కూల్ ఫీజుకి ఆ డబ్బే ఆధారం. ఖర్చులకి ఇంటర్నెట్, కరెంటు బిల్లులు దాచి ఉంచాను. ఇలా కాంట్రాక్ట్‌లో ఉండి రిటర్న్ వేసినవాళ్లు దయచేసి చెప్పండి.