ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు: ఒకటీ రెండూ కలపాలా, వద్దా?

నాగావళి ఒడ్డు:
విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఊరి బడి అనుకోండి. 38 మంది పిల్లలు, రెండు గదులు, ఇద్దరు ఎస్జీటీలు (1 నుంచి 5 దాకా అన్నీ చెప్పే టీచర్లు). 1, 2 ఒక గదిలో, 3, 4, 5 ఇంకో గదిలో కూర్చోబెట్టడం అలవాటు. ఇది సరైన పద్ధతేనా?

మెంటాడ మేస్టారు:
కాదు. ఒకటీ రెండూ కలపడమే అసలు తప్పు. ఒకటో తరగతి పిల్లకి పని అప్పజెప్తే పది నిమిషాలు కూడా నిలవదు. రెండో తరగతికి ఒత్తులు ఇంకా పట్టుబడవు, పుస్తకం ఇచ్చి చదువుకో అంటే చదవలేరు. రెండు గుంపులకీ టీచరు నోరే కావాలి. ఒకటితో ఐదుని కలపండి. బోర్డు మీద ఆరు భాగహారాలు రాసిస్తే ఐదో తరగతి ఇరవై నిమిషాలు తనంతట తను చేసుకుంటుంది. ఆ ఇరవై నిమిషాలూ ఒకటివి.

వంశధార టీచరమ్మ:
మేస్టారూ, అప్పుడు రెండో గదిలో 2, 3, 4 మిగుల్తాయి. పెద్దవాళ్ల మధ్య రెండో తరగతి నోరు విప్పదు. తెలుగుకి 1, 2 కలపడమే మేలు. 40 నిమిషాల పీరియడ్‌లో మొదటి 10 అందరూ కలిసి ‘క’ గుణింతం పైకి చదవాలి. తర్వాత 15 ఒకటితో కూర్చుని పలకమీద ‘కా, కి, కీ’ దిద్దించాలి. ఆ వేళ రెండో తరగతి అదే గుణింతంతో పదాలు రాస్తుంది. తర్వాత 10 రెండుతో, ఆఖరి 5 పలకలు దిద్దడానికి. ఒక గుంపు పైకి చదువుతుంటే రెండోది రాతపనిలో ఉండాలి, ఇద్దరూ ఒకేసారి గొంతెత్తితే గది పోయినట్టే. బోర్డులు ఎదురెదురు గోడలకి వద్దు, మూలకి కలిసే రెండు గోడలకి పెడితే టీచరు ఎవరికీ వీపు చూపక్కర్లేదు.

మెంటాడ మేస్టారు:
ఒత్తుల సంగతి తేల్చలేదు. ‘అమ్మ’ చదివిన పిల్ల ‘చంద్రుడు’ దగ్గర ఆగిపోతుంది. పక్కన కూర్చుని పలికించకుండా, పదాలు రాయమంటే వస్తాయా?

గార నాన్న:
మూడు తరగతుల గది సంగతి ఎవరూ ఎత్తరేటి?

వంశధార టీచరమ్మ:
పరిసరాల విజ్ఞానం తిప్పొచ్చు. 4, 5 రెండింటికీ ఈ ఏడాది నాలుగో పుస్తకం, వచ్చే ఏడాది ఐదోది. చిక్కల్లా పరీక్షలో. పేపరు తరగతివారీగా వస్తుంది, నాలుగో పుస్తకం విన్న ఐదో తరగతి ఐదో పేపరు రాయాలి. లెక్కలు మాత్రం తిప్పకూడదు, తీసివేత రానిదే భాగహారం రాదు. అంశం ఒకటే పెట్టి మెట్లు మార్చాలి. మూడుకి 24 చింతపిక్కలు నాలుగేసి కుప్పలు పోయడం, నాలుగుకి 96ని 4తో భాగించడం, ఐదుకి 24లో నాలుగో వంతు.

మెంటాడ మేస్టారు:
ఇదంతా ఇద్దరూ బడిలో ఉన్న రోజు మాట. ఒకరికి సెలవో, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశమో వస్తే 38 మందీ ఒక్కరి మీద. మీ 10, 15, 10 ఏమవుతుంది? ఇద్దరితో నడపొచ్చని మీలాంటివాళ్లు రాసి చూపించబట్టే పైవాళ్లు ఇద్దరు చాలంటున్నారు!

వంశధార టీచరమ్మ:
ఆ మాట నా మీద వెయ్యకండి. 60 మందిదాకా ఇద్దరే అని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది. అది తలల లెక్క, తరగతుల లెక్క కాదు. 2022లో జీవో 117తో 3, 4, 5ని హైస్కూళ్లకి తరలించినప్పుడు చాలా ఊళ్లలో ఒకటీ రెండే మిగిలాయి. 2025లో ఆ జీవో రద్దయింది. కలిపి చెప్పడం చేతకాదని మనమే ఒప్పుకుంటే, చిన్న బడిని ఎత్తెయ్యడానికి ఇంకో సాకు దొరుకుతుంది. ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటి పక్క ఊరు నడవాలి.

మెంటాడ మేస్టారు:
ఇదండీ అసలు తేడా. బడి నిలబడాలని మీరు, టీచరు పెరగాలని నేను. మీరు పద్ధతి అంటున్నదాన్ని నేను కొరత అంటున్నాను. ఎంత చిన్న బడికైనా ముగ్గురు ఉండాలని షెడ్యూలు మార్చమనాలి.

గార నాన్న:
ముగ్గురొస్తే ఎలాగ కూర్చోబెడతారు?

వంశధార టీచరమ్మ:
1 విడిగా. 2, 3 కలిపి. 4, 5 కలిపి. మూడో గది కూడా అడగాలి, వరండాలో ఒకటో తరగతి వద్దు.

మెంటాడ మేస్టారు:
ఒకటీ రెండూ విడదియ్యాలనే కదా మొదట్నించీ మొత్తుకుంటున్నాను.