తోటి విద్యార్థి వికీపీడియా వ్యాసంపై అభిప్రాయం ఎలా రాయాలి?

అందరికీ నమస్తే. నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. క్లాసులో ఒక్కొక్కరం ఒక్కో తెలుగు వికీపీడియా వ్యాసాన్ని మెరుగుపరచి, తర్వాత ఇంకొకరి వ్యాసం చదివి చర్చా పేజీలో అభిప్రాయం రాయాలి. నాకు రామప్ప గుడి వ్యాసం వచ్చింది.

రాసిన అమ్మాయిది ఆ గుడి ఉన్న పాలంపేట దగ్గరి ఊరు. 1213 నాటి శాసనం, గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు, 2021లో యునెస్కో గుర్తింపు, అన్నిటికీ మూలాలు ఇచ్చింది. నీళ్లలో తేలే ఇటుకల పేరా అయితే చాలా బాగా కుదిరింది. కానీ "ఇంతటి అద్భుతం లోకంలో మరొకటి లేదు" అనే వాక్యం విజ్ఞాన సర్వస్వంలో నిలవదు. అది చెప్పడం తేలికే.

అసలు చిక్కు వాళ్ల తాత చెప్పిన కథ దగ్గర. గుడికి రాళ్లు ఎలా చేరాయో ఆ ఊళ్లో తరాలుగా చెప్పుకునే కథ అట. అచ్చులో ఆధారం లేదు. తీసెయ్యమని రాయడానికి నాకు మనసొప్పడం లేదు, ఇలాంటివి ఒకసారి పోతే మళ్లీ దొరకవు.

వికీపీడియాలో రాసే అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. ఆ కథను నిబంధనలకు లోబడి ఉంచే దారి ఉందా? ఆధారం కోసం ఎలాంటి పుస్తకాలు, పాత పత్రికలు వెతకమనాలి? పొగడ్త వాక్యాన్ని నేనే దిద్దవచ్చా, చర్చా పేజీలో రాసి ఆమెకే వదిలెయ్యాలా? మా క్లాసులో చాలామంది "బాగుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు. ఆమె పడ్డ కష్టానికి అది సరిపోదు. మీరు రాసిన మంచి సమీక్ష ఏదైనా ఉంటే చూపించండి, ఈ శుక్రవారంలోపు నాది పెట్టాలి.